పిట్టలు తోలే డ్యూటీ

11 జూన్ 2024

రాత్రి గంటసేపు దంచింది. ఈ యేడు ఇదే మొదటి గట్టి వాన. తెల్లారి జీపులో రన్‌వే మీదకి వెళ్తే ఎక్కడ చూసినా ఉసుళ్ల రెక్కలు. చక్రాల కింద చప్పుడు లేకుండా నలిగాయి. వాటి వెనకాల గోరింకలు, కొంగలు, కాకులు. పైన గద్దలు. పెళ్లి బంతి.

టవర్లో మేడమ్, "హైదరాబాద్‌ది ఇంకో పన్నెండు నిమిషాలండి" అంది. ఆరు రాకెట్లు కాల్చా. లేచాయి, ఒక చుట్టు తిరిగాయి, మళ్లీ అక్కడే వాలాయి. కడుపు నిండేదాకా ఎవరు మాత్రం వింటారు.

ఆఖరికి సైరన్ వేసుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి జీపు తోలించా. ఏటీఆర్ దిగింది. ఏమీ కాలేదు. లాగ్‌బుక్కులో "పురుగు ఎక్కువ, పక్షులు 60 పైన" అని రాశా. రెక్కల సంగతి రాయడానికి అందులో గడి లేదు.

14 జూన్

గడ్డిలో తీతువు గూడు. గూడంటే ఏముంది, చారెడు గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు. నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లమచ్చలు. ఎదురుగా ఉన్నా కనపడవు. ఇంకో అడుగేస్తే తొక్కేసేవాణ్ణి. తల్లి లేచి నెత్తిమీద ఒకటే గోల.

రన్‌వే అంచునుంచి నలభై అడుగులు. కొలిచా.

గూడు కనపడితే ఆఫీసులో చెప్పాలి. చెప్తే తీయించేస్తారు. సాయంత్రం దాకా చెప్దామనే అనుకున్నా.

15 జూన్

చెప్పలేదు. నెల రోజులు. పైగా ఈ జాతి పిల్లలు గుడ్డు పగిలిన పూటే నడుస్తాయి. మనవాళ్లలా కాదు.

ఇంట్లో మాట జారితే మా ఆవిడ కసిరింది. "దీపాలవేళ ఆ పిట్ట పేరెత్తకండి. ఎవరింటిమీద అరిస్తే ఆ ఇంటికి కబురు వస్తుంది." అది రోజూ నా నెత్తిమీదే అరుస్తోందని చెప్పలేదు. చెప్పనివి రెండయ్యాయి.

19 జూన్

గట్టు లేదు, తాడిచెట్టు లేదు, అయినా మా చేను కాళ్లకి తెలుస్తుంది. పొడిగించిన ముక్కలో, అంచు దీపాల వరుస దగ్గర. ఇక్కడే మంచె. ఇక్కడే జొన్న.

రన్‌వే ముందు 1749 మీటర్లు. ఇప్పుడు 3165. పెరిగిన దాంట్లో మాది ఎన్ని మీటర్లో ఒకసారి నడిచి చూశా. పొడుగునా డెబ్భై పైచిలుకు అడుగులు. ఏటీఆర్ దాన్ని ఒక్క క్షణంలో దాటేస్తుంది. నాన్న నాగలితో ఎంతసేపు దున్నేవాడో.

పదేళ్లప్పుడు వడిసెల చేతికిచ్చి మంచె ఎక్కించాడు. చిలకలు, పిచికలు. "రాయి తగలక్కర్లేదురా, చప్పుడు తగిలితే చాలు." ఇప్పుడు వడిసెల బదులు రాకెట్టు. అప్పుడు జీతం లేదు.

8 జూలై

బెంగళూరు విమానం ఆలస్యం. ఏప్రన్ పక్కన నీడలో కూర్చుంటే ఇంజనీరుగారు టీ ఇచ్చారు. ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అడిగేశా. విమానం ఆగి ఉన్నప్పుడు కుడివైపు ఇంజను మోగుతూనే ఉంటుంది, రెక్కలు మాత్రం తిరగవు, అదెట్లాగండీ అని. నవ్వారు. ఆ పంకాకి విడిగా బ్రేకు ఉంటుందట. ఇంజను తిరిగితే లోపల కరెంటు, ఏసీ. పంకా ఆగితే కింద మనిషికి ప్రమాదం లేదు. జనం ఎక్కేది ఎలాగూ ఎడమవైపు తోక దగ్గర తలుపునుంచి కదా. దాన్ని హోటల్ మోడ్ అంటారట.

హోటలు. బాగుంది పేరు. తిండీ ఉండదు ఏమీ ఉండదు.

వాయుదూత్ వాళ్ల బుల్లి డోర్నియర్ వచ్చే రోజుల్లో నేను కంచెకి అటువైపు. పదిహేడేళ్లు. గొర్రెలు మేపుకునేవాళ్లతో కలిసి చేతులూపేవాళ్లం. లోపలున్నవాళ్లు కూడా ఊపేవారు, అంత దగ్గరగా ఉండేది. తర్వాత అదీ రాలేదు. తెల్లోళ్లు యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే మళ్లీ గడ్డి పట్టింది. ఎన్ని కంపెనీలు వచ్చాయో, ఎన్ని పోయాయో. పిట్టలు మాత్రం ఒక్క రోజూ సర్వీసు రద్దు చెయ్యలేదు.

13 జూలై

పిల్లలు. మూడే. అగ్గిపుల్లల్లాంటి కాళ్లు. తల్లి పిలిస్తే పరుగు, కూత మారిస్తే ఉన్నచోటే రాయి.

నాలుగో గుడ్డు లేదు. కాకో, పామో.

24 జూలై

గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు దాటిందట. లంకల్లో నీళ్లెక్కేసరికి కొంగలన్నీ మెట్టకి వచ్చేశాయి. ఎక్కడికి వెళ్తాయి. మెట్టమీద ఇంత పచ్చగా, ఇంత ఖాళీగా, కుక్క లేకుండా, మనిషి లేకుండా ఉన్న చోటు ఇదొక్కటే.

నూటపది దాకా లెక్కపెట్టా. తర్వాత లెక్క తప్పింది. తెల్లగా గడ్డంతా. చూడ్డానికి బాగుంది. అలా అనుకోవడం కూడా తప్పేమో ఈ ఉద్యోగంలో.

చెన్నై విమానాన్ని ఒకసారి పైన తిప్పించారు నావల్ల.

6 ఆగస్టు

గడ్డి కోత గొడవ. ట్రాక్టరువాళ్లు పొద్దున్నే కోస్తామంటారు, ఎండ లేకుండా. కోస్తే మిడతలు బయటపడతాయి. మిడతలకి కొంగలు. ట్రాక్టరు వెనకాలే పెళ్లి ఊరేగింపులా నడుస్తాయి. ఆఖరి విమానం వెళ్లాక కొయ్యండి మహాప్రభో అంటే మేస్త్రికి కోపం. "నువ్వేమన్నా పైలట్టువా?"

కాదు. పైలట్టుకి కనపడనిది నాకు కనపడుతుంది, అంతే. ఈ ముక్క నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికొచ్చాక ఇందులో రాస్తున్నా. ఎప్పుడూ ఇంతే.

17 ఆగస్టు

హైదరాబాద్ వెళ్లేది లేచాక రన్‌వే మీద గోరింక. ఒక్కటే. తల లేదు. అవతలివైపు దిగాక చూశారట, ముక్కు దగ్గర చిన్న మరక. గుడ్డతో తుడిచి మళ్లీ పంపేశారు. ఏమీ కాలేదు.

ఆఫీసులో ఫారం నింపించారు. ఎత్తు ఎంత, వేళ ఎంత, జాతి ఏది. జాతి దగ్గర "గోరింక" అని రాస్తే ఇంగ్లీషులో రాయమన్నారు. మైనా.

కాగితంలో చుట్టి కంచె దగ్గర పాతిపెట్టా. లాగ్‌బుక్కులో 1.

2 సెప్టెంబర్

బెజవాడ మునిగింది. బుడమేరట. కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఎన్నడూ లేనంత జనం ఇక్కడ. డ్యూటీ దిగి గేటు దాటుతుంటే ఒక పెద్దావిడ, చేతిలో గోనె సంచి. అందులో పనసకాయ. "బాబూ, దీన్ని పైకి ఎక్కనిస్తారా?" అంది. కూతురు పురిటికుందట హైదరాబాదులో.

ఎక్కనిచ్చారో లేదో.

4 అక్టోబర్

క్లాసు పెట్టారు మాకు. జెట్టులు వస్తాయిట. ఎయిర్‌బస్. బొంబాయికి, ఢిల్లీకి. ఫైరువాళ్లకి వేరే క్లాసు. ఏటీఆర్‌కి అయిదో కేటగిరీ చాలట, దీనికి ఆరు. పొడుగునిబట్టి లెక్క. మాకు చెప్పింది వేరు. ఏటీఆర్ ఇంజన్లు రెక్క మీద, ఎత్తులో. జెట్టువి రెక్క కింద వేలాడుతుంటాయి, నేలకి దగ్గర. నోరు తెరుచుకుని. గులకరాయి ఉన్నా లాగుతుంది, మేకు ఉన్నా లాగుతుంది.

ఇంటికొచ్చేటప్పుడు ఆలోచించా. ఏటీఆర్ అల్లంత దూరాన ఉండగానే ఝుమ్మని వినిపిస్తుంది, పిట్టలు ముందే లేస్తాయి. సగం పని అదే చేసిపెడుతుంది. జెట్టు చప్పుడు వెనక్కి పోతుంది. మీదకి వచ్చేదాకా పిట్టకి తెలీదు. వేగం కూడా ఎక్కువ.

ఈ మాట క్లాసులో చెప్పలేదు వాళ్లు. నాకు తోచింది. నిజమో కాదో డిసెంబర్లో తెలుస్తుంది.

31 అక్టోబర్

దీపావళి. మనవడు, "తాతా నువ్వు కాల్చు, నీకు బాగా వచ్చు కదా" అని చెయ్యి పట్టుకు లాగుతాడు. మూడొందల అరవై రోజులు జీతానికి కాలుస్తా. ఈ ఒక్క పూట వదిలెయ్యరా నాయనా అంటే వాడికి అర్థం కాదు. వాకిట్లో కూర్చుని చూశా. చిచ్చుబుడ్డి అంటించినప్పుడల్లా తెలీకుండా పైకి చూస్తున్నా, ఏమన్నా లేచాయా అని.

రేపు పొద్దున్న కష్టం. రాత్రంతా ఊళ్లో మోత వింటే నా రాకెట్టుకి ఏ కాకీ బెదరదు.

15 నవంబర్

కార్తీక పౌర్ణమి. ఆవిడ తెల్లారగట్ల మూడింటికే కోటిలింగాల రేవుకి వెళ్లింది, వదినవాళ్లతో. నాకు డ్యూటీ. తీతువులు ఇప్పుడు గుంపుగా తిరుగుతున్నాయి, పదీ పన్నెండు. వాటిలో ఆ మూడూ ఉంటాయా. గుర్తుపట్టడం నావల్ల కాలేదు. అన్నీ ఒకటే ముఖం.

1 డిసెంబర్, ఆదివారం

బొంబాయి జెట్టు వచ్చింది. ఊరు ఊరంతా కంచె పట్టుకుని నిలబడ్డారు. మా తమ్ముడు కూడా. వాడి చేను కూడా ఇక్కడే కదా పోయింది. సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ముఖం చూశా. సంతోషంగానే ఉన్నాడు.

నేను చూడలేదు సరిగ్గా. అది దిగుతున్నంతసేపూ నా కళ్లు గడ్డిమీదే.

12 డిసెంబర్

ఢిల్లీ విమానం. మొదటిది. విమానయాన మంత్రిగారు అందులోనే వచ్చారు. ఫైరువాళ్లు రెండువైపులనుంచీ నీళ్లు చిమ్మారు స్వాగతానికి. దాని కింద నుంచి వచ్చింది విమానం, తలంటు పోసుకున్న పిల్లాడిలాగ.

నీళ్లు నిలిచిన చోట గంటకల్లా గోరింకలు. తాగుతూ, స్నానాలు చేస్తూ. వాటిని తోలడానికి మళ్లీ నేను. మంత్రిగారి దండలోంచి రాలిన చేమంతి రేకులు ఏప్రన్ మీద ఎగురుతుంటే అవీ ఏరా. కడియం పూలే అయ్యుంటాయి.

అక్టోబర్లో రాసుకున్నది నిజమే. పిట్టలు ఆలస్యంగా లేస్తున్నాయి.

20 డిసెంబర్

మంచు. గాలిసంచి కర్ర కనపడుతుంది, సంచి కనపడదు. హైదరాబాద్‌ది పైన తిరుగుతోంది. వినపడుతుంది, దగ్గరకొచ్చి, దూరమై. అందులో డెబ్భైమంది దాకా కూర్చుని కిందకి చూస్తుంటారు, పాలు పోసినట్టు ఉంటుంది వాళ్లకి. ఆ పాల అడుగున నేను, జీపు, నాలుగు రాకెట్లు.

మంచులో పిట్టలు కూడా ఎగరవంటారు. అబద్ధం. రెక్కల చప్పుడు చెవి పక్కనుంచి పోయింది. ఏ పిట్టో తెలీలేదు.

తొమ్మిదిన్నరకి తెరిపిచ్చింది.

29 డిసెంబర్, ఆదివారం

దక్షిణ కొరియా. మువాన్. అదీ మనలాంటి చిన్న ఊరి విమానాశ్రయమే. బాంకాక్ నుంచి వస్తున్న బోయింగు. 181 మంది. టీవీలో మళ్లీ మళ్లీ అదే ముక్క. పొట్టమీద జారుకుంటూ వచ్చి, రన్‌వే అయిపోయినా ఆగక, చివరున్న కాంక్రీటు దిమ్మకి.

పక్షులట.

ఆవిడ టీవీ కట్టేసింది. లేచి మళ్లీ పెట్టా.

30 డిసెంబర్

179. ఇద్దరు బతికారు. తోకవైపు సిబ్బంది.

పక్షులున్నాయి జాగ్రత్త అని టవరు చెప్పిన రెండు నిమిషాలకి పైలట్టు మేడే అన్నాడట. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో కింద మనిషి ఏం చేస్తున్నాడు. జీపు ఎక్కాడా. రాకెట్టు అంటించాడా. తడిసిందా అది.

వాళ్ల తొమ్మిది దాటి మూడు నిమిషాలు. మనకి అయిదున్నర. అప్పుడు నేను బూరుగుపూడిలో టీ తాగుతున్నా. పంచదార ఎక్కువైందని గొణిగా కూడా.

31 డిసెంబర్

పిట్టలు తోలేవాళ్లు అక్కడ మొత్తం నలుగురేనట. పేపర్లో ఒక మూల వేశారు. పేర్లు వెయ్యలేదు.

ఇక్కడ మేమెంతమందిమో ఎవరన్నా అడిగితే.

ఆ పూట డ్యూటీలో ఉన్నతను మొన్న రాత్రి ఇంటికెళ్లి ఏమన్నాడో పెళ్లాంతో. అన్నం తిన్నాడా.

1 జనవరి 2025

కొత్త చట్టం ఈ రోజునుంచట. 1934 నాటిది పోయింది. నోటీసుబోర్డు మీద కాగితం అంటించారు. ఆఫీసువాళ్లు కేకు కోశారు. నేను ఆగస్టు లాగ్‌బుక్కు తీసి 17వ తారీకు చూశా. మైనా, 1. ఎవరూ అడగలేదు ఎందుకు చూస్తున్నావని.

గోరింక బరువెంత. వంద గ్రాములు ఉంటుందేమో.

4 జనవరి

కలలో మంచె మీదున్నా. వడిసెల తిప్పుతున్నా, రాయి జారదు.

9 జనవరి

పొద్దుటి డ్యూటీకి ఇంకో మనిషినిచ్చారు. కుర్రాడు. సీతానగరం వైపు. ఐటీఐ. ఫోన్లో పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే యాప్ ఉందట, చూపించాడు. తీతువు కూస్తే టక్కున చెప్పింది ఇంగ్లీషులో. నేనూ టక్కునే చెప్పా. ఒక నవ్వు నవ్వాడు.

నేర్పేది ఏముంది. పొద్దున్న పదికి నేల వేడెక్కితే గద్దలు చుట్లు తిరగడం మొదలెడతాయి, అప్పుడు పైకి చూడు. వాన పడితే కిందకి చూడు. వానపాములు రన్‌వే మీదకి వస్తాయి. గాలికి ఎదురుగా లేస్తాయి పిట్టలు, విమానం కూడా అంతే. కాబట్టి రెండూ ఒకవైపే వెళ్తాయి. అది గుర్తుపెట్టుకో.

ఒకటి నేర్పలేదు. గూళ్ల గురించి.

12 జనవరి

రేపు భోగి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో బరులు కట్టారు. కోడిపందేలు మూడు రోజులు. పందెం ఓడిన కోడి ఎక్కడికి పోతుంది, కూరలోకి. పేగులు, ఈకలు ఎక్కడికి పోతాయి, చెరువు గట్టుమీదకి. దానికి గద్దలు. నిరుడు మూడు రోజులూ ఇదే.

విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల చచ్చిన జంతువు గానీ చెత్త గానీ బయట పడెయ్యకూడదని చట్టం. బరుల దగ్గర చట్టం చదివితే నన్ను కోస్తారు.

సాయంత్రం సైకిలేసుకుని వెళ్లా. మా మావయ్య వరసాయన, ఒక బరికి పెద్దమనిషి. "మావా, గొయ్యి తీయించి పూడ్పించండి. ఖర్చు నేనిస్తా" అన్నా. ఎగాదిగా చూశాడు. "ఏరా అల్లుడూ, గద్దకి భయపడే విమానమేంట్రా?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కొరియా గురించి చెప్పా. నవ్వు ఆగింది. గొయ్యి తీయిస్తానన్నాడు. డబ్బులు వద్దన్నాడు.

జీవితంలో మొదటిసారి నోటిదాకా వచ్చిన మాట బయటికి అన్నా.

15 జనవరి, కనుమ

ఒక ఊళ్లో పూడ్చారు. మూడు ఊళ్లలో లేదు. గద్దలు 22. కుర్రాడూ నేనూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా. రాకెట్లు అయిపోయి సైరన్, సైరన్ బొంగురుపోయి పళ్లాలు. నిజంగానే, క్యాంటీన్ నుంచి రెండు స్టీలు పళ్లాలు తెచ్చి మోగించాం. ఢిల్లీది దిగింది. బొంబాయిది దిగింది. నాటుకోడి, గారెలు ఇంటి దగ్గర చల్లారిపోయాయి.

తినలేకపోయా. ఆవిడ ఏమీ అనలేదు.

28 జనవరి

కొరియా విమానం ఇంజన్లలో దొరికిన ఈకలు పరీక్ష చేశారట. రెండిట్లోనూ. వలస బాతులు. చలికాలానికి ఉత్తరం నుంచి దిగేవి. మన కొల్లేటికి వచ్చేవాటికి చుట్టాలే అయ్యుంటాయి.

బాతుకి ఏం తెలుసు. అది ఎన్ని వందల యేళ్లుగా ఆ దారినే వస్తోందో. రన్‌వే నిన్నగాక మొన్నటిది.

అని నిరుడైతే ఇక్కడితో ఆపేసేవాణ్ణి.

6 ఫిబ్రవరి

కొత్త టెర్మినల్ పని జరుగుతూనే ఉంది. కూలీల గుడిసెల దగ్గర అన్నం పారబోస్తున్నారు, కాకులు. వాళ్లది బీహారో జార్ఖండో. నాకు హిందీ రాదు. చేతులతో చెప్పా. ముందు విమానం, తర్వాత కాకి, తర్వాత రెండు చేతులూ కలిపి చప్పట్లు. పెద్దాయన ఒకడు తల ఊపాడు. మర్నాటినుంచి మూతున్న డబ్బాలో వేస్తున్నారు. మావాళ్లకంటే నయం.

19 ఫిబ్రవరి

రన్‌వే నడక. పొద్దున్న అయిదుంపావు. ఒక బోల్టు, రెండు గులకరాళ్లు, ఒక ప్లాస్టిక్ తాడు, ఒక జామెట్రీ బాక్సు మూత. ఆ మూత ఎక్కడినుంచి వచ్చిందో. జేబులో వేసుకున్నా, మనవడిది పోయింది కదా.

మా చేను ఉన్న చోటు ఆగకుండా దాటేశా. తర్వాత గుర్తొచ్చింది, ఆగలేదని.

9 మార్చి, ఆదివారం

కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "బాబాయ్‌గారూ, ఇటు రండి, ఇటు రండి." గడ్డిలో చారెడు గుంట. నాలుగు గుడ్లు. నిరుటి చోటుకి పది అడుగులు అటు. రన్‌వేకి ఇంకా దగ్గర. ముప్ఫై.

తల్లి నెత్తిమీద తిరుగుతోంది. వాడు ఫొటో తీసుకున్నాడు. "భలే ఉన్నాయండి. రాళ్లే అనుకున్నా." కాసేపటికి, "ఆఫీసులో చెప్పాలాండీ?" అన్నాడు.

వాడు అడుగుతాడని తెలుసు. ఏం చెప్తానో తెలీదు నాకు. ఢిల్లీది ఏడు నిమిషాల్లో ఉందని మేడమ్ అంది. వాడు నా ముఖం వంకే చూస్తున్నాడు.

"చెప్పాలి" అన్నా.

10 మార్చి

తీసెయ్యమన్నారు. కుర్రాణ్ణి పంపిస్తామన్నారు. నేను తీస్తానన్నా.

టోపీలో తడిగుడ్డ వేసి పెట్టుకున్నా. వెచ్చగా ఉన్నాయి. కంచె బయట, పాత పొగాకు బ్యారన్ వెనకాల, అచ్చం అలాంటి గులకనేల చూసి, అచ్చం అలాంటి గుంట తీసి, మొనలు లోపలికి తిప్పి పెట్టా. అవి అలాగే పెట్టుకుంటాయి.

తల్లి కంచెదాకా వచ్చింది వెంట. అక్కడినుంచి వెనక్కి తిరిగి పాత చోటుకే వెళ్లి వాలింది. చేతులు చాచి అటు వెళ్లవే అని చాలాసేపు తోలా. తోలడమొక్కటే కదా నాకు వచ్చింది.

11 మార్చి

గోరింకలు 8. కొంగలు 3. గద్దలు 5. తీతువు 1. రాకెట్లు 4.

బ్యారన్ వెనక్కి వెళ్లి చూడలేదు.

రాత్రి ఆవిడ నిద్రలో లేచి, "ఏదో అరుస్తోందండీ" అంది. ఏమీ లేదు, పడుకో అన్నా.